వార్డు కబురు సకాలంలో తెలియాలంటే ఏది మేలు: కాలనీ గ్రూపా, దినపత్రికా, అధికారిక ఖాతాలా?

హైదరాబాద్ శివారులోని మా కాలనీ సంక్షేమ సంఘం కార్యాలయానికి ఏళ్ల తరబడి రెండు తెలుగు దినపత్రికలు వస్తున్నాయి. అన్నీ ఫోనులోనే తెలుస్తున్నప్పుడు ఈ ఖర్చు ఎందుకని గత రెండు సమావేశాల్లోనూ సభ్యులు అడిగారు. ఇతర కాలనీల సంఘాలవారు కలిసినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేస్తున్నారు. నగరపాలక సంస్థ, జలమండలి, విద్యుత్తు సంస్థ తీసుకునే నిర్ణయాలు మన ఇంటి దాకా సకాలంలో చేరాలంటే కాలనీ వాట్సాప్ గ్రూపు సరిపోతుందా, పత్రిక తప్పదా, లేక సామాజిక మాధ్యమాల్లో ఆయా శాఖల ఖాతాలను నేరుగా అనుసరించడం మంచిదా అన్నదే వారందరి సందేహం. సంఘం కార్యదర్శిగా ఈ విషయంలో నేనే ఒక నిర్ణయానికి రావలసి వచ్చింది కనుక ఏ దారి ఎంతవరకు పనికివస్తుందో నా అనుభవం మేరకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఏది వేగంగా చేరుతుంది అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న మాత్రమే. కబురు తెలిసేసరికి మనం చేయగలిగింది ఇంకా ఏమైనా మిగిలి ఉందా అన్నదే అసలు ప్రశ్న. రేపు నల్లా నీళ్లు రావని ఈ రోజు సాయంత్రం తెలిసినా సంపు నింపుకోవచ్చు. వీధిని ఏ వార్డులో కలుపుతున్నారు, ఇంటి ముందు రోడ్డును ఎన్ని అడుగులకు వెడల్పు చేస్తున్నారు, పక్కనున్న ఖాళీ స్థలాన్ని నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మారుస్తున్నారా అన్నవి అలాంటివి కావు. వీటిపై అభ్యంతరం చెప్పుకోవడానికి చట్టం కొన్ని రోజుల గడువు ఇస్తుంది, ఆ గడువు దాటిన తరువాత తెలిసిన కబురు మనకు బాధను మాత్రమే మిగులుస్తుంది.

కాలనీ గ్రూపును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పేలినా, మ్యాన్‌హోల్ మూత కనిపించకపోయినా, నీళ్లు వదిలే సమయం మారినా గ్రూపులో వచ్చినంత త్వరగా మరెక్కడా రాదు. వాల్వు తిప్పే లైన్‌మన్ ఎవరో, ఆయన ఈ రోజు వచ్చాడో లేదో ఏ పత్రికా రాయదు, ఏ శాఖా ప్రకటించదు. వాన పడిన రాత్రి మా వెనక వీధిలో నాలా పొంగుతోందని ఒక ఇల్లాలు పెట్టిన ఫొటో చూసి కింది అంతస్తులవారు సామాన్లు పైకి ఎత్తుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ మేలు మరువరానిది.

అయితే గ్రూపులో తిరిగే కబురుకు తేదీ ఉండదు. ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనప్పుడు కనెక్షన్‌కు ఆధార్ అనుసంధానం తప్పనిసరి చేశారు, దాని గడువును ఆ ఏడాదిలోనే పలుమార్లు పొడిగించారు. పొడిగించిన ప్రతిసారీ పాత సందేశం, కొత్త సందేశం గ్రూపుల్లో పక్కపక్కనే తిరిగాయి. గడువు ముగిసిందనుకుని ప్రయత్నం మానుకున్నవారు కొందరు, ఇంకా ఉందనుకుని ఊరుకున్నవారు కొందరు మా కాలనీలోనే ఉన్నారు. సందేశం పంపినవారు మంచి మనసుతోనే పంపారు, కానీ అది ఎప్పటిది, ఎవరు జారీ చేసినది అన్న రెండు వివరాలూ ఎక్కడో మధ్యలో రాలిపోయాయి.

ఇంతకంటే పెద్ద పాఠం 2025 డిసెంబరులో నేర్చుకున్నాము. నగరం చుట్టూ ఉన్న 7 కార్పొరేషన్లనూ 20 మున్సిపాలిటీలనూ జీహెచ్‌ఎంసీలో (హైదరాబాద్ మహానగరపాలక సంస్థలో) కలిపిన తరువాత, వార్డుల సంఖ్యను 150 నుంచి 300కు పెంచుతూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు వారం రోజులు గడువు పెట్టారు. ఆ వారమంతా మా గ్రూపులో వార్డుల గురించి వందల సందేశాలు వచ్చాయి. కొత్త వార్డుకు ఏ పేరు పెడతారు, ఎవరు పోటీ చేస్తారు, పన్ను పెరుగుతుందా అన్న చర్చ రాత్రింబవళ్లు సాగింది. కానీ సరిహద్దుల వర్ణన చదివి, నాలాకు అవతల ఉన్న మా రెండు వీధులు వేరే వార్డులోకి పోతున్నాయని చెప్పినవారు గ్రూపులో ఒక్కరూ లేరు. ఆ సంగతి పత్రికలో వివరంగా చదివిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మా ఇంటికి నడిచి వచ్చి చెబితే తెలిసింది. అప్పటికి గడువులో ఒక్క రోజే మిగిలి ఉంది. వార్డులవారీ జనాభా వివరాలూ పటాలూ ప్రజల ముందుంచాలని హైకోర్టు ఆదేశించి గడువును మరో రెండు రోజులు పెంచడం వల్ల మాత్రమే మేము ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించి, అభ్యంతర పత్రం ఇచ్చి రసీదు తీసుకోగలిగాము.

పత్రిక విషయంలో నేను అందరికంటే భిన్నంగా నమ్మే సంగతి ఒకటి ఉంది. నగర పాలన విషయంలో పత్రిక అసలు విలువ వార్తల్లో కంటే లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో వచ్చే బహిరంగ ప్రకటనల్లో ఎక్కువగా ఉంది. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు, చట్టమే అలా ఏర్పాటు చేసింది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌తో పాటు ఆ ప్రాంతంలో చదివే రెండు దినపత్రికల్లో ప్రచురించాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక అయి తీరాలి. ఆ తరువాత ఆసక్తి ఉన్నవారు అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజులు ఉంటాయి. పాతబస్తీలో ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం ఆస్తుల సేకరణ ఈ చట్టం కిందనే జరిగింది. పర్యావరణ అనుమతికి ముందు జరిపే బహిరంగ విచారణకు కూడా 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి. మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగ మార్పులపై అభ్యంతరాలు కోరుతూ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఇచ్చే ప్రకటనలు కూడా పత్రికల్లోనే కనిపిస్తాయి.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటి ఉంది. వసూలుకు సంబంధించిన కబురు అన్ని దారుల్లోనూ మన దగ్గరకు వస్తుంది. ఏప్రిల్‌లో ఏడాది ఆస్తి పన్ను మొత్తం ఒకేసారి చెల్లిస్తే 5 శాతం రాయితీ అన్న సంగతి, పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ ప్రకటించినప్పుడు ఆ సంగతి, ఫోనుకు సందేశంగానూ హోర్డింగుగానూ పత్రికలో పెద్ద ప్రకటనగానూ వస్తాయి, తెలియకుండా పోవడమంటూ ఉండదు. అభ్యంతరం చెప్పుకొనే హక్కుకు సంబంధించిన కబురు మాత్రం చాలాసార్లు ఒకే ఒక్క రోజు, ఒక మూలన వస్తుంది. ఆ రోజు ఆ పేజీ చదివినవారికి తెలుస్తుంది, చదవనివారికి తెలియదు. పత్రిక మానేస్తే మనం పోగొట్టుకునేది ఈ రెండో రకం కబురునే కనుక దాని విలువను నెల చందాతో తూచడం నాకు సబబుగా తోచదు.

పత్రికకు లోట్లు లేవని చెప్పను. నిన్న రాత్రి జరిగింది ఈ రోజు ఉదయం వస్తుంది, రాత్రి పొద్దుపోయాక జరిగింది ఒక్కోసారి మరుసటి రోజుకు గానీ రాదు. జిల్లా పేజీల్లో ఏ ప్రాంతం వార్తలు వస్తాయన్నది మనకు అందే ఎడిషన్‌ను బట్టి ఉంటుంది, శివారు కాలనీలకు ఒక్కోసారి పక్క జిల్లా పేజీలు చేరుతుంటాయి. చాలా వార్తలు శాఖ ఇచ్చిన పత్రికా ప్రకటనను కుదించి రాసినవే కావడం వల్ల మనకు కావలసిన వీధి పేరు ఆ కుదింపులో ఎగిరిపోవచ్చు. అయినా ముద్రించిన మాటకు తేదీ ఉంటుంది, దాచుకుంటే రేపు కార్యాలయంలో చూపించడానికి ఆధారంగా నిలుస్తుంది, తప్పు రాస్తే సవరణ వేయవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

అధికారిక ఖాతాల సంగతికి వస్తే, ప్రాణం మీదికి వచ్చే వేళ వీటికి మించినది లేదు. 2025 సెప్టెంబరు చివర ఎగువన కురిసిన వానలకు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి రాత్రికి రాత్రి ఎంజీబీఎస్‌లోకి నీరు చేరింది. అలాంటి రాత్రి చాదర్‌ఘాట్, మూసానగర్, జియాగూడ ప్రాంతాలవారు మరునాటి పత్రిక కోసం ఎదురుచూడలేరు, ఎవరో పంపిన పాత వీడియోను నమ్మి కూర్చోలేరు. ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు అన్నది జలమండలి ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. హిమాయత్‌సాగర్ పూర్తి మట్టం 1763.50 అడుగులనీ, ఉస్మాన్‌సాగర్‌ది 1790 అడుగులనీ గుర్తుంచుకున్నవారికి, నీటిమట్టం అంకె చూడగానే గేట్లు ఎత్తే వేళ దగ్గరపడిందో లేదో అర్థమవుతుంది. కృష్ణా, గోదావరి పైపులైన్లకు మరమ్మతులు చేసేటప్పుడు ఏ ఏ ప్రాంతాలకు ఎన్ని గంటలు సరఫరా బంద్ అన్న పూర్తి జాబితా కూడా అక్కడే దొరుకుతుంది. గ్రూపులో అది 'రేపు నీళ్లు రావు' అన్న మూడు మాటలుగా మిగిలి, నీళ్లు వచ్చే వీధులవారిని కూడా ట్యాంకర్ బుక్ చేసుకునేలా చేస్తుంది.

వీటితో ఇబ్బంది వేరే చోట ఉంది. నగరపాలక సంస్థ, జలమండలి, విద్యుత్తు సంస్థ, హెచ్‌ఎండీఏ, చెరువుల ఆక్రమణలూ విపత్తుల పనీ చూసే హైడ్రా, ట్రాఫిక్ పోలీసులు అంటూ ఒక్క కాలనీకి సంబంధించిన సంగతులే అరడజను చోట్ల విడివిడిగా వస్తాయి. వాటిలో మంత్రుల పర్యటనలూ ప్రారంభోత్సవాల ఫొటోలూ ఎక్కువగా ఉంటాయి, మనకు పనికివచ్చే నోటీసు వాటి కింద మునిగిపోతుంది. వెబ్‌సైట్లలో నోటీసులు స్కాన్ చేసిన కాగితాలుగా ఉండటం వల్ల కాలనీ పేరుతో వెతికితే దొరకవు, పైగా చాలావరకు ఇంగ్లిషులోనే ఉంటాయి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 2005లోనే నిర్దేశించింది. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలనన్నింటినీ ప్రచురించాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఆ నిబంధనను వార్డు స్థాయి దాకా, తెలుగులోనూ ఉర్దూలోనూ అక్షరాలా అమలు చేసిన రోజున ఈ పోలికలో అధికారిక వెబ్‌సైట్‌నే మొదటి స్థానంలో పెడతాను. నేటి స్థితిలో అది కబురు మొదట తెలుసుకునే చోటు కాదు, తెలిసిన కబురును మూలపత్రంతో సరిచూసుకునే చోటు.

స్థానిక యూట్యూబ్ ఛానళ్లు, కేబుల్ బులెటిన్లు జరిగిన గొడవను చూపించడానికే ఎక్కువగా పనికివస్తాయి. నగరపాలక సంస్థ సర్కిల్ కార్యాలయం నోటీసు బోర్డు నమ్మదగినదే గానీ దాని కోసం ఎవరూ రోజూ వెళ్లలేరు. నాయకులు నడిపే గ్రూపుల్లో వారికి ఇష్టమైన కబురే వస్తుంది కనుక వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ఎవరికి ఏది మేలు అన్న విషయానికి వస్తే, అద్దె ఇంట్లో ఉండి ఏడాదికో రెండేళ్లకో మారేవారికి గ్రూపూ జలమండలి ఖాతా సరిపోతాయి. మూసీ ఒడ్డునో, చెరువు కింది భాగంలోనో, నాలా పక్కనో ఉండేవారు అధికారిక ఖాతాలకు నోటిఫికేషన్లు తెరిచి పెట్టుకోవడం తప్పనిసరి. సొంత ఇల్లు ఉన్నవారు, ముఖ్యంగా వెడల్పు చేయబోయే రోడ్ల మీద, కొత్తగా నగరంలో కలిసిన ప్రాంతాల్లో ఉన్నవారు ఒక్క తెలుగు దినపత్రికనైనా ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇంటింటికీ వద్దనుకుంటే కాలనీకి ఒకటి చాలు, కాని దాన్ని ప్రకటనల పేజీతో సహా చదివే మనిషి ఒకరు ఉండాలి.

మా సంఘం రెండు పత్రికల్లో ఒకదాన్ని మాన్పించి, రెండోదాన్ని కొనసాగించాలని తీర్మానించింది. ఆ విశ్రాంత ఉపాధ్యాయుడే రోజూ ఉదయం కార్యాలయంలో కూర్చుని ప్రకటనలు చూసి, మన ప్రాంతానికి సంబంధించినది కనిపిస్తే పత్రిక పేరు, తేదీ, గడువు ముగిసే రోజు కనిపించేలా ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెడుతున్నారు. గడువు ఉన్న ప్రతి ప్రకటననూ కత్తిరించి ఒక ఫైలులో అంటిస్తున్నాము, దాని పక్కన మూల నోటిఫికేషన్ ప్రతిని వెబ్‌సైటు నుంచి తీసి జతచేసే పని నేను చూస్తున్నాను.