దొడ్డబళ్ళాపురం దగ్గర తోటలో యోగా: అంత దూరం వెళ్ళొచ్చా?

బెంగళూరులో యోగా క్లాసులకేం కొదవ లేదు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఒకటి, పార్కులో ఒకటి, ఫోన్‌లో ఇంకొకటి. అలాంటప్పుడు హెబ్బాళ, యలహంక దాటి దొడ్డబళ్ళాపురం అవతలి తోట దాకా వెళ్ళడం ఎందుకని మా ఆయన కూడా మొదట్లో అడిగారు. ఇప్పుడు వీలున్న ఆదివారమల్లా ఇద్దరం వెళ్తున్నాం. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది టీచర్. హిందూపురం ఆవిడ, తెలుగూ కన్నడా రెండూ గలగలా మాట్లాడతారు. బయట యోగా అంటే చాలాచోట్ల గదిలో చేయించేదే తెచ్చి గడ్డి మీద చేయిస్తారు, అంతే. ఈవిడ ముందు నేల చూస్తారు. తోట కొంచెం వాలుగా ఉంటుంది, ఎర్రమట్టి, వాన పడితే మెత్తబడిపోతుంది. అధోముఖ శ్వానాసనానికి (చేతులూ కాళ్ళూ నేలకి ఆనించి నడుము పైకెత్తే ఆసనం) చేతులు ఎత్తు వైపు పెట్టమంటారు, అలా పెడితే బరువు కాళ్ళ మీదికి పోయి మణికట్టుకి ఊరట. మెత్తటి నేలలో అరచేతిలో మణికట్టు వైపు భాగం దిగబడి మణికట్టు మరీ వెనక్కి వంగిపోతుంది కదా, అక్కడ తువ్వాలు మడిచి పెట్టుకోమంటారు. శవాసనంలో తల ఎత్తు వైపే ఉండాలి. నేను అడ్డదిడ్డంగా పడుకోబోతుంటే "అక్కా, తల అటు కాదు, ఇటు, లేకపోతే లేచేసరికి తల బరువుగా ఉంటాది" అని స్వయంగా వచ్చి మ్యాట్ తిప్పి పెట్టారు.

వృక్షాసనం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో గోడ మీద ఒక చుక్క చూసుకుంటూ నిలబడితే ఎంతసేపైనా నిలబడగలం. బయట గాలికి చెట్లు ఊగుతుంటాయి, పైన మబ్బులు కదులుతుంటాయి, ఒంటికాలి మీద ఉన్నవాళ్ళం మనమూ ఊగిపోతాం. కొబ్బరి మట్టల వైపు కాకుండా మొదలు దగ్గర ఒక గంటు చూపించి దాని మీదే చూపు పెట్టమన్నారు, ఊగడం చాలావరకు తగ్గింది. కాలి కింద నేల సమంగా లేకపోవడం వల్ల చీలమండ చుట్టూ ఉండే చిన్న చిన్న కండరాలు బాగా పని చేస్తాయి, టైల్స్ మీద చేస్తే ఆ సంగతే తెలీదు.

ఇది ఫొటోల కోసం పెట్టిన తోట కాదు, నిజంగా సేద్యం జరిగే చోటు. సుభాష్ పాలేకర్ పద్ధతి, అంటే రసాయనాలు వాడని ప్రకృతి సేద్యం. క్లాసు అయ్యాక ఇష్టమున్నవాళ్ళకి జీవామృతం (నేలకి పోసే పులిసిన ద్రవ ఎరువు) కలపడం చూపిస్తారు: 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు, నీడలో పెట్టి రెండు పూటలా కర్రతో తిప్పుతారు. డ్రమ్ములు క్లాసు జరిగే చోటికి దగ్గర్లోనే ఉన్నాయి, ప్రాణాయామం చేసేటప్పుడు గాలి ఇటు తిరిగిందంటే ఆ పులిసిన వాసన మన దాకా వస్తుంది. నాకైతే మా ఊరి పశువుల పాక గుర్తొచ్చి హాయిగానే ఉంటుంది, పక్కనున్న అమ్మాయి మాత్రం చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చెట్ల మొదళ్ళ చుట్టూ వరిగడ్డి ఆచ్ఛాదనగా పరిచి ఉంటుంది, డస్ట్ అలర్జీ ఉన్నవాళ్ళు ముందే చెప్పి గాలి వచ్చే వైపు కూర్చోండి. మా ఆయనకి మొదటిసారి తుమ్ములు ఆగలేదు, చోటు మార్చాక మామూలైపోయారు. బీపీ ఉన్నవాళ్ళని, గర్భిణులని ముందే అడిగి తెలుసుకుని కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి వదిలేది) చేయించరు, అది నాకు చాలా నమ్మకం కలిగించిన విషయం.

పల్లేరుకాయలు ఉంటాయేమో అని భయపడ్డాను కానీ ముందురోజు సాయంత్రమే నేలంతా ఊడ్చి పెడతారట, ఒక్కటీ గుచ్చుకోలేదు. చీమలు మాత్రం ఉంటాయి. జారే పల్చటి మ్యాట్ వద్దు, డిసెంబర్, జనవరిలో మంచుకి గడ్డి తడిసి ఉంటుంది, కింద జంపఖానా వేసుకుని పైన మ్యాట్ వేసుకుంటే బాగుంటుంది. ఆ రోజుల్లో చలి కూడా గట్టిగానే ఉంటుంది, స్వెటర్ మర్చిపోవద్దు.

టిఫిన్‌తో కలిపి మనిషికి 800 రూపాయలు. మజ్జిగ కలిపిన రాగిజావ, కొర్రల ఉప్మా, సీజన్‌లో అనపగింజల కూరతో రాగిసంగటి. ఆ అనపగింజల కోసమైనా జనవరిలో ఒకసారి వెళ్ళొచ్చు, పొద్దున కోసినవే వండుతారు, బజారువాటికి ఆ వాసన రాదు.

నచ్చనిది కూడా చెప్పాలి. ముప్పై మంది వస్తే ఉన్నది ఒక్కటే బాత్రూమ్. దూరం నుంచి వచ్చిన ఆడవాళ్ళు క్లాసుకి ముందే వరసలో నిలబడాల్సి వస్తోంది, పెద్దవాళ్ళకి ఇది నిజంగా ఇబ్బంది. ఓనర్‌గారితో మాట్లాడాను, ఇంకొకటి కట్టిస్తామన్నారు, ఇంకా మొదలుపెట్టలేదు. అంత డబ్బు తీసుకుంటున్నప్పుడు ముందు చూడాల్సింది అదే. క్లాసు ఆరున్నరకి అంటారు, మనవైపు నుంచి ఐదింటికే బయల్దేరాలి. వచ్చేటప్పుడు పదిలోపు హెబ్బాళ దాటకపోతే ట్రాఫిక్‌లో చిక్కుకుంటాం. మార్చి, ఏప్రిల్‌లో ఎనిమిదికే ఎండ మొహం మీద కొడుతుంది, ఆ నెలల్లో ఆరింటికే మొదలుపెట్టమని మాలో కొందరం అడుగుతున్నాం.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, కుర్చీలు వేసి వాళ్ళకి విడిగా చేయిస్తారు. మా అత్తయ్యకి అలాగే చేయించారు. ఇప్పుడు ఆదివారం వస్తే మాకన్నా ముందు ఆవిడే తయారవుతున్నారు.