మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొడి: ఒక సమీక్ష

విరేచనాలతో నీరసించిన మా పిల్లవాడికి ఈ మధ్య ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొడిని వాడాము. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ అన్న ఈ పాళ్లలోనే దీని గొప్పతనమంతా ఉంది. చిన్నపేగు గోడలోని కణాల పొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహక ప్రోటీను ఉంటుంది. అది ఒక్కో గ్లూకోజు అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను కణంలోకి చేరవేస్తుంది, వాటి వెంట ద్రవాభిసరణ వల్ల, అంటే పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు పోయే గుణం వల్ల, నీరు కూడా ఒంటికి పడుతుంది. కలరాలో అవే పేగులు క్లోరైడును, నీటిని ధారగా బయటికి వదిలేస్తున్నా ఈ దారి మాత్రం మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణంతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు.

రుచి కాస్త ఉప్పగా ఉన్నా, చెంచాతో కొద్దికొద్దిగా పడితే పిల్లవాడు తాగాడు. సాయంత్రానికి నాలుక తడిసి, మూత్రం మామూలుగా వచ్చింది. మేము కొన్న పొట్లం మీద నాకు నచ్చనిది ఒక్కటే: మొత్తం పొడిని లీటరు నీటిలో కలపాలన్న ముఖ్యమైన మాటను కంటికి ఆనని అక్షరాలలో అచ్చువేశారు. ఒక్క గ్లాసులో చిక్కగా కలిపితే నీరు తిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి కనుక, ఆ మాటను ముందువైపునే పెద్దగా వేయాలి.