నీళ్లు నిలిచే జీపు ట్రైలర్: నాలుగేళ్ల తర్వాత

ఈ ట్రైలర్‌లో నీకు బాగా నచ్చిందేమిటని ఎవరైనా అడిగితే, దాని అడుగున ఉన్న రెండు బొక్కలు అని చెబుతాను. అడిగినవాళ్లు నవ్వుతారు. నాలుగు ఎండాకాలాలు వాడాక కూడా నా జవాబు మారలేదు. కాకపోతే ఇప్పుడు ఆ మాట కాస్త నెమ్మదిగా చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల వెనక లాగిన పావు టన్ను ట్రైలర్, అంటే రెండు చక్రాల ఇనుప తొట్టి, ఎలా ఉంటుందో పాత జీపుల పిచ్చి ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అప్పట్లో వీటిని చేసిన కంపెనీల్లో విల్లీస్ వాళ్లదా, బాంటమ్ వాళ్లదా అని అడగొద్దు. పేరు ప్లేటు ఎప్పుడో ఊడిపోయి రివెట్ల బొక్కలే మిగిలాయి. అమ్మినాయన మాత్రం ‘బర్మా యుద్ధానికి పోయొచ్చిన బండి సామీ’ అని వెంకన్న మీద ఒట్టేశాడు. తిరుపతి పక్కన ఆ ఒట్టుకు ఎంత విలువో మనకు తెలుసు. 2022 ఫిబ్రవరిలో, చంద్రగిరి వైపు ఒక పాత మిల్లు వెనక, వేరుశనగ పొట్టు కింద సగం కూరుకుపోయి కనిపించింది. అరవై వేలు చెప్పి ముప్పై ఎనిమిదికి దిగాడు. కాగితాలు లేవు. టాటా ఏస్‌లో ఎక్కించి పెనుమూరు దగ్గర మా మామిడి తోటకు చేర్చాం. అప్పటికి రెండూ ఒకే జిల్లా. ఆ ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, అమ్మిన ఊరు తిరుపతికి, బండి చేరిన ఊరు చిత్తూరుకు పోయాయి.

టింకరింగ్ భాయ్ దాన్ని తిరగేసి చూసి మొదట అన్న మాట, ‘అన్నా, అడుగున రెండు పెద్ద బొక్కలున్నాయి, ప్లేటు పెట్టి వెల్డింగ్ కొట్టేస్తా’ అని. నేను సరే అనబోయాను. ఒకదానిలో తుప్పుముద్ద ఏదో కదలకుండా ఉంది, రెండోదానిలో గుడ్డ కుక్కి ఉంది. ఆ తుప్పుముద్దను మూడు రోజులు డీజిల్‌లో నానబెట్టి మెల్లగా తడితే కదిలింది. అది మూత. మిలిటరీవాళ్లు ఈ తొట్టిని నీళ్లు చొరకుండా కట్టారు. వాగు అడ్డమొస్తే సామానుతో సహా పడవలా తేలాలని. బయటి నీళ్లు లోపలికి రానప్పుడు లోపల పడ్డ వాన నీళ్లు కూడా బయటికి పోవు కదా, అందుకని అడుగున ఈ రెండు బొక్కలు, వాటికి మూతలు. భాయ్ చేతిలోని వెల్డింగ్ హోల్డర్‌ను నేనే పక్కన పెట్టించాను.

మిగతా రిపేరు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. తుప్పు గీకడం, అడుగు రేకులో రెండు అతుకులు, రెడాక్సైడ్, హబ్బులకు కొత్త బేరింగులు, గ్రీజు. టైర్లు 6.00-16, జీపువే. ట్రాక్టర్ ముందు టైరుదీ అదే సైజు కాబట్టి ‘అది వేసుకో, చవక’ అని టైరు షాపులో ఒకటే పోరు. అది పొలంలో మెల్లగా దొర్లడానికి చేసిన టైరు, రోడ్డు స్పీడుకు పనికిరాదు. జీపు టైరే వేయించాను. ఇక రంగు. ఆలివ్ గ్రీన్ వేయలేదేమని జీపు మిత్రులు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. మిలిటరీవి కాని బండ్లకు ఆ రంగు వేయకూడదని మోటారు వాహనాల రూల్సులోనే ఉంది. మాది ఇటుక రంగు. పాకాల సంతలో బట్టల మూట మోసే బండిలా ఉందని మా ఆవిడ అభిప్రాయం.

మూతలకు పాత లారీ ట్యూబు కోసి రబ్బరు వాషర్లు వేశాం. ఒక సాయంత్రం బోరు పైపు తొట్టిలో పడేసి జానెడు లోతు నింపి వదిలేశాను. మా నాయన అంతవరకు ఆ ట్రైలర్ వైపు చూడను కూడా లేదు. ముప్పై ఎనిమిది వేలకు రెండు దూడలొస్తాయని ఆయన లెక్క. పొద్దున లేచేసరికి ఆయనే తొట్టి పక్కన గొంతుకూర్చుని, చీపురుపుల్ల ముంచి గోటితో గుర్తు పెట్టుకుంటున్నాడు. రాత్రి కొలిచిన పుల్ల ఇంకో చేతిలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, ‘కారలేదురా’ అన్నాడు. ఆ ఒక్క మాట కోసం రెండున్నర నెలలు తుప్పు గీకాను.

ఆ నీళ్లతో ఏం చేయాలో కూడా ఆయనే చెప్పాడు. గుట్టవారన ఎకరాలో 55 బేనీషా మామిడి అంట్లు పెట్టి ఏడాది అయింది. అక్కడికి డ్రిప్పు పోలేదు. ట్యాంకరు అతను పిలిచిన నాలుగో రోజు వస్తాడు, వచ్చినా ట్రాక్టర్ తిప్పుకునే చోటు లేక కింద బాటలోనే నిలబెట్టి బిందెలతో మోసుకోమంటాడు. మా పాత మహీంద్రా జీపు, దాని వెనక ఈ బుల్లి ట్రైలర్ మాత్రం సాలు మధ్యలోకి దూరిపోతాయి. వెనక బొక్కకు మూత తీసి, చెక్కబిరడాలో రబ్బరు పైపు దూర్చి బిగించాం. జీపు నడవడం, ఆగడం, పైపు మొక్క మొదట్లో పెట్టి ఇరవై లెక్కపెట్టడం. మొక్కకు 4 లీటర్లు వేసుకుంటే 55కి 220 లీటర్లు. ఈ ట్రైలర్ మోయడానికి రాసిపెట్టిన బరువు 500 పౌండ్లు, అంటే మన లెక్కలో 227 కిలోలు. కొలిచి చేసినట్టు సరిపోయింది. మొదటి రెండు ఎండాకాలాలు నేను ఎవరు కనిపించినా ఈ లెక్కే చెప్పాను. పెళ్లిళ్లలో కూడా.

ఇప్పుడు అసలు సంగతి. తొట్టి ఆరడుగుల పొడవు, మూడడుగులకు కాస్త పైన వెడల్పు, అడుగున్నర లోతు. అంచుల దాకా నింపితే దగ్గరదగ్గర 800 లీటర్లు పడుతుంది, అంటే మోయాల్సిన దానికి మూడున్నర రెట్లు. 220 లీటర్లు పోసినప్పుడు నీళ్లు ఐదంగుళాలు కూడా దాటవు. తొట్టి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. చూసినవాడెవడికైనా ఇంకాస్త పోయాలనే అనిపిస్తుంది.

మొదట పోసింది వానే. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు మూడు రోజులు ముసురు పట్టింది. ట్రైలర్ చింతచెట్టు కింద ఉంది, రెండు మూతలూ బిగించి ఉన్నాయి, బిగించింది నేనే. పట్టా కప్పలేదు. తిరుపతి నుంచి నేను పోయేసరికి తొట్టి సగానికి పైగా నిండి, ఎడమవైపుకు ఒరిగి ఉంది. మూతలు తీస్తే నీళ్లు పోయాయి గానీ ఎడమ కమాను కట్ట (చక్రం మీది స్ప్రింగు పట్టీలు) పూర్తిగా లేవలేదు. రెండంగుళాలు దిగి ఉన్నా పని జరుగుతోంది కదా అని వదిలేశాను. అది నా తప్పే, ట్రైలర్‌ది కాదు.

మరుసటి మే నెలలో ఎండ మాడ్చేస్తుంటే నాయన మొక్కకు 8 లీటర్లు పోద్దామన్నాడు. రెండు ట్రిప్పులెందుకు, ఒకేసారి 440 నింపుదాం, పదంగుళాలే కదా అన్నాను నేను. గుట్ట ఎక్కుతుంటే తెలిసింది తేడా. లోపల అడ్డు రేకులేమీ లేవు, నీళ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి జారాయి. ట్రైలర్ ముక్కు పైకి లేచి జీపు వెనక భాగాన్ని కూడా ఎత్తబోయింది. బ్రేకు వేస్తే అవే నీళ్లు ముందుకొచ్చి ఢీకొన్నాయి. రెండోసారి అలా ఊగినప్పుడు దిగిపోయి ఉన్న ఎడమవైపు బరువంతా పడి, టైరు రాయి మీద నొక్కుకుని పక్కగోడ చీలింది.

టైరు పోతే మార్చుకుంటాం. స్టెప్నీ ఉంది, జీపుదీ దీనిదీ ఒకటే చక్రం. జాకీ పెట్టి నట్టు విప్పబోతే రాలేదు. తుప్పు అనుకున్నాను. వీల్ స్పానర్‌కు మూడడుగుల పైపు తొడిగి నేనూ మా తోట పనబ్బాయీ ఇద్దరం కలిసి వేలాడాం. టక్ మన్నది. వదిలిందని సంతోషపడి చూస్తే నట్టుతో పాటు బోల్టు సగానికి విరిగి చేతిలోకొచ్చింది. అంతటితో ఆగొచ్చు కదా. రెండోదాన్ని కూడా అట్లాగే విరిచాం. అప్పుడు బాటలో మేకలు తోలుకెళ్తున్న పెద్దాయన నిలబడి చూశాడు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి.

‘ఏంది నాయనా చేస్తా ఉండావు?’

‘నట్లు రావడంలేదు పెద్దాయనా.’

‘ఎట్లొస్తాయి? నువ్వు బిగిస్తా ఉండావు. ఎడంపక్క చక్రం ఉల్టా తిప్పల్ల. పాత లారీలకూ ఇట్టే ఉండేది.’

మూడో నట్టును కుడివైపుకు తిప్పాను. కొంచెం కిర్రుమని వచ్చేసింది. బోల్టు చివర తుడిచి చూస్తే చిన్నగా ‘ఎల్’ అని గుద్ది ఉంది. బండి ముందుకు పోయేటప్పుడు ఎడమ చక్రం తిరిగే దిశకు మామూలు నట్లు వదులవుతాయేమోనని ఆ కాలంలో ఎడమవైపుకు ఉల్టా త్రెడ్డు పెట్టేవారు. నా జీపు హబ్బులు ముందు ఓనరు మార్పించేసినవి, నాలుగూ మామూలువే. బేరింగులు మార్చింది భాయ్ కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. నాకు చెప్పాలని తోచలేదేమో, అడగాలని నాకు తోచలేదు.

ఆ రోజు మొక్కల దగ్గరే రెండు మూతలూ తీసేసి నీళ్లన్నీ గుట్ట మీదే వదిలేశాం. మూడు బోల్టుల మీద ఖాళీ ట్రైలర్‌ను షెడ్డుకు చేర్చాం. ఉల్టా త్రెడ్డు బోల్టులు తిరుపతిలో రెండు రోజులు తిరిగినా దొరకలేదు. అన్నీ మామూలు త్రెడ్డుకు మార్చేయమని ముగ్గురు చెప్పారు. మొండితనం కొద్దీ లేత్ షాపులో అర అంగుళం, అంగుళానికి ఇరవై త్రెడ్లు, ఎడమకు కోయించాను. లేత్ అతను అలవాటు కొద్దీ మొదటి జత కుడికే కోసిచ్చాడు. ఆ జత ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటాను. ఎడమ కమాను కట్టలో రెండు పట్టీలు కూడా మార్పించాల్సి వచ్చింది. అన్నీ కలిపి పదకొండు వేలు. షెడ్డు గోడ మీద, ట్రైలర్ ఎడమవైపున, తెల్ల పెయింటుతో ‘ఉల్టా’ అని రాశాను.

కాబట్టి ‘కొలిచి చేసినట్టు’ అని నేను పెళ్లిళ్లలో చెప్పిన మాటను కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. ఇది నీళ్లు మోయడానికి చేసింది కాదు, నీళ్ల మీద తేలడానికి చేసింది. రెండూ ఒకటే అనుకున్నది నేనే. నీళ్లు నిలిచే తొట్టి అడుగులో తుప్పు కూడా నిలుస్తుంది, ఏడాదికోసారి గీకి రంగు వేయాల్సిందే. రివర్సు గురించి అడగొద్దు. పొట్టి జీపు వెనక పొట్టి ట్రైలర్, స్టీరింగ్ అంగుళం తిప్పితే అది అడ్డంగా మడిచేస్తుంది. నేను రివర్సు చేయను. కొండీ తప్పించి, పనబ్బాయితో కలిసి చేత్తోనే తోసేస్తాను. ఖాళీది 250 కిలోలే, బాగానే కదులుతుంది.

కొనమంటావా అంటే, నా పరిస్థితి వేరు. ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, నాదానికి కాగితాలు లేవు, అది తోట గేటు దాటదు. రోడ్డు మీద షికారుకు తిప్పాలనుకునేవాళ్లు కాగితాలున్నది దొరికేదాకా ఆగండి. కాయలు తోలడానికి కావాలంటే ఇది వద్దు, పది క్రేట్లతో దీని మోత అయిపోతుంది. పల్ప్ ఫ్యాక్టరీకి టన్నుల్లో తోలాలి. 2025లో తోతాపురి మామిడి కిలోకు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలిపింది 4 రూపాయలు. ఆ లెక్కలతో చిన్న ట్రాక్టరు కొనే ధైర్యం నాకైతే లేదు, ఉన్నదాంతోనే నడుపుతున్నాను. జీపు ముందే ఉండి, చేరువలో లేత్ షాపు ఉండి, ఆదివారాలు ఖాళీగా ఉన్నవాళ్లయితే ఆలోచించండి.

ఇప్పుడు తొట్టి లోపల ఐదంగుళాల ఎత్తులో చుట్టూ ఎర్ర గీత ఉంది. వాడనప్పుడు మూతలు రెండూ ఊడదీసి జీపు తాళాలతోపాటు మేకుకు తగిలించి ఉంటాయి. పోయిన ఎండాకాలం నేను చెప్పకుండా తోటకు పోతే, నాయన బోరు పైపు పట్టుకుని తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. నీళ్లు గీతకు మూడు వేళ్లు పైన ఉన్నాయి. నన్ను చూసి పైపు తీసి కింద పడేశాడు గానీ, నీళ్లు మాత్రం తగ్గించలేదు.