ప్రసంగాలు సరే, టూర్లకైతే పోవచ్చు: మా ఇంజనీర్ల క్లబ్ గురించి

నల్లగొండలోని మా ఇంజనీర్ల క్లబ్‌లో చేరి కొన్నేళ్లయింది, చేరొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి రాస్తున్నా. ఫీజు, నెలకో ప్రసంగం, సంఘం వాట్సాప్ గ్రూపు లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తా. ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషి వెంట వచ్చే టూరు ఉంటే మాత్రం వదులుకోవద్దు.

నాగార్జునసాగర్ టూరు సంగతే చూడండి. పొద్దున్నే బస్సెక్కి, గేటు దగ్గర ఫోన్లు అప్పజెప్పి, తీరా మెయిన్ పవర్ హౌస్‌లోకి పోతే ఒక్క మెషీనూ తిరగట్లేదు. ఆ రోజు జెనరేషన్ లేదట. ఇంత దూరం వచ్చింది ఇనుము చూడ్డానికా అని బస్సులో సగం మంది గొణిగారు, నేనూ అందులో ఉన్నా. మాతో వచ్చిన పెద్దాయన హైడల్‌లో, అంటే నీళ్లతో కరెంటు తీసే ప్లాంటులో, చేసి రిటైరయ్యారు. ఆయన మాత్రం ఆగి ఉంటేనే మంచిది, నా మాట వినబడుతుంది అన్నారు.

ఇక్కడున్న ఎనిమిదింట్లో 110 మెగావాట్లది ఒక్కటే మామూలు మెషీన్, మిగతా ఏడూ 100.8 మెగావాట్ల రివర్సిబుల్‌వి, అంటే నీళ్లు కిందికొస్తే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే అవే నీళ్లు పైకి తోస్తాయి. ఇది చెప్పగానే దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు "సారూ, రెండు ఫేజులు మారిస్తే మా బోరు మోటరు ఉల్టా తిరుగుతది, అట్లనేనా?" అని అడిగాడు. అందరూ నవ్వారు, పెద్దాయన నవ్వలేదు. "అదే తమ్మీ, ఫేజులు మార్చుడే. కాకపోతే మీ పంపు ఉల్టా తిరిగితే నీళ్లు సరిగ్గా రావు, దీని రన్నర్‌ను, అంటే నీళ్లలో తిరిగే చక్రాన్ని, రెండు వైపులకూ పనికొచ్చేటట్టు చేసిన్రు" అన్నారు.

అక్కడి నుంచి ఇక ఆగలేదు. ఇంత పెద్ద మెషీన్‌ను నీళ్లలో ఉంచి ఒక్కసారి స్టార్ట్ చేస్తే లైన్ తట్టుకోదు, అందుకని ఇలాంటి మెషీన్లలో కంప్రెస్డ్ ఎయిర్‌తో నీళ్లను కిందికి నొక్కి, రన్నర్‌ను గాలిలో తిప్పి, దాని స్పీడు గ్రిడ్‌లోని 50 హెర్ట్జ్‌కు కలిసాక గ్రిడ్‌కు కట్టి, ఆ తర్వాతే గాలి వదిలి గేట్లు తెరుస్తారట. మిల్లులో పెద్ద మోటారు స్టార్టింగ్ కరెంటుతో రోజూ కుస్తీ పట్టే నాకు ఈ ఒక్క మాటకే బస్సు చార్జీ గిట్టుబాటైంది. పైకి తోయడానికి నూరు యూనిట్లు ఖర్చయితే తిరిగి డెబ్బై అయిదో ఎనభయ్యో వస్తాయి, మరి నష్టం కాదా అని నేనే అడిగా. కరెంటు మిగిలే వేళ తోసి, సాయంత్రం అందరూ స్విచ్చులేసే వేళ వాడుకోవడమే లాభం అన్నారు, సోలార్ పెరిగాక మధ్యాహ్నం కూడా మిగులే కదా. ఇంకో సంగతి: మెషీన్లన్నీ 1985 నాటికే వచ్చాయి గానీ, తోయడానికి కింద నీళ్లు ఆగాలి కదా, ఆ టెయిల్ పాండ్ పూర్తవడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం కోపం ఉంది.

ఆ ఊపులో మా మిల్లులో అందరికీ చేరమని చెప్పా. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. మోకాళ్ల నొప్పులతో పెద్దాయన రావడం తగ్గించారు. ఆయన లేకుండా పోయిన సోలార్ ప్లాంటు టూరులో ఓ కుర్రాడు బోర్డు మీద రాసింది చదివి వినిపించాడు, తర్వాత ఎండలో ఫొటోలు, భోజనాలు. బిర్యానీ బాగుంది, అది ఒప్పుకోవాలి. ప్రసంగాలు మరీ నీరసం. దామరచర్లలోని యాదాద్రి ప్లాంటు మీద గంటసేపు స్లైడ్లు వేసి, ఐదు యూనిట్లు ఒక్కోటి 800 మెగావాట్లు అని పేపర్లో వచ్చేదే చెప్పారు. బూడిద ఎక్కడ పోస్తారు సార్ అని పక్క ఊరి మనిషి అడిగితే అది వచ్చేసారి మాట్లాడుకుందాం అన్నారు. వచ్చేసారి టాపిక్ ఎలక్ట్రిక్ కార్లు.

నేను మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఎలక్ట్రీషియన్‌ని, వడ్ల సీజన్‌లో ఆదివారం కూడా తీరదు, కాబట్టి ఏడాదిలో సగం ప్రోగ్రాములు ఎలాగూ తప్పుతాయి. నల్లగొండలోనే ఉండి, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న వాళ్లకు లెక్క వేరేగా ఉండొచ్చు. ఈ ఏడాది ఫీజు కట్టా. లిస్టులో జూరాల ఉంది, పెద్దాయన వస్తున్నారో లేదో కనుక్కునే పేరిస్తా.