చెన్నై ఇళ్లకు ఫ్రెంచ్ డ్రెయిన్: పైపులు, పనితనంపై రివ్యూ

వేళచ్చేరి, మడిపాక్కం, పళ్లికరణై వైపు సొంతిల్లు ఉన్నవాళ్లు ముసురు పట్టినప్పుడల్లా అడిగే మాట ఒకటే: ఇంటి చుట్టూ ఫ్రెంచ్ డ్రెయిన్ వేయిస్తే హాల్లో నేల చెమర్చడం ఆగుతుందా అని. ఫ్రెంచ్ డ్రెయిన్ అంటే నేలలో కాలువ తవ్వి, రంధ్రాల పైపు, కంకర వేసి, మట్టిలో నిలిచే నీటిని లాగి బయటికి పంపే ఏర్పాటు. ఆ నీళ్లకు పోయే దారి ఉంటే చెమర్చడం ఆగుతుంది. లేకపోతే కంకర, పైపు, కూలి అన్నీ మట్టిపాలే. ఇక్కడ దొరికే సామానులో పెద్ద లోపం లేదు. కొటేషన్లలో ఉంది. పైపు అడుగుకి ఇంత అని రాస్తారు కానీ, చివరికి నీళ్లు ఎక్కడ పడతాయో రాయరు.

ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. మట్టిలో నిలిచి పునాది వైపు ఊరే నీటికే ఈ డ్రెయిన్ మందు. గేటు దాటి వచ్చే వరదకు కాదు, బాత్రూం పైపు లీకుకు కాదు, డీపీసీ (తేమ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసే పొర) లేని గోడలోకి తేమ ఎగబాకడానికీ కాదు. నడివేసవిలో కూడా గోడ అడుగున పెయింటు పొక్కులు లేస్తుంటే ముందు ప్లంబర్‌ని పిలవండి.

పైపుల సంగతి. ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ వీధుల్లో మూడు రకాలు చూపిస్తారు. మెత్తటి ముడతల పైపు, పైన గుడ్డ తొడుగుతో చుట్టగా వచ్చేది, పరచడానికి సులువు. కానీ చుట్ట వంపు పూర్తిగా పోదు, కాలువలో అక్కడక్కడా పైకి లేస్తుంది, ఆ పల్లాల్లో ఒండ్రు పేరుకుంటుంది. పైగా వేళచ్చేరి బంకమట్టిలో ఆ తొడుగు త్వరగా పూడుకుపోతుంది. ఐదుకు రెండు మార్కులు. రెండు పొరల హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపు (భారతీయ ప్రమాణం ఐఎస్ 16098) గట్టిది. కారు ఎక్కే పోర్టికో కిందికి అదే సరైనది, మామూలు ఇంటి చుట్టూ అవసరానికి మించిన ఖర్చు. మా ఓటు 110 ఎంఎం ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాననీటి లైన్లకు వాడే) పీవీసీ పైపుకి (ఐఎస్ 13592, టైప్ బి). వంపు లేకుండా తిన్నగా ఉంటుంది, వాటం (నీరు పారే వాలు) నిలుస్తుంది, ఫిట్టింగులు ఏ వీధి చివరైనా దొరుకుతాయి. ఐదుకు నాలుగున్నర.

ఈ పైపుకి రంధ్రాలు మనమే వేయించుకోవాలి. 8 ఎంఎం బిట్‌తో రెండు వరుసలు, రంధ్రానికీ రంధ్రానికీ నాలుగంగుళాలు. గడియారంలో 4, 8 అంకెలుండే చోట ఆ వరుసలు రావాలి, అంటే కింది వైపుకి. చాలామంది మేస్త్రీలు రంధ్రాలు పైకి పెడతారు. అప్పుడు కాలువలో నీరు పైపు నెత్తిదాకా నిండితే తప్ప లోపలికి దిగదు, ఆలోపు పునాది నానుతూనే ఉంటుంది. డ్రిల్ చేశాక లోపల మిగిలే ప్లాస్టిక్ పీచు గీకేయించండి, లేదంటే మట్టి దానికే పట్టుకుంటుంది.

అసలు వడపోత పైపుది కాదు, జియోటెక్స్‌టైల్‌ది. ఇది నీటిని వదిలి మట్టిని ఆపే బట్ట. అల్లిక లేని రకం, 150 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు). దాన్ని పైపుకి చుట్టడం కాదు, కాలువ మొత్తానికీ పరిచి, కంకర నింపాక పైన అడుగు మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా మడవాలి. వడపోతకు దొరికే వైశాల్యం పెరుగుతుంది కాబట్టి పూడుకుపోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. దీని బదులు నర్సరీ ఆకుపచ్చ వల వేస్తామంటే ఒప్పుకోవద్దు, బంకమట్టి అందులోంచి సాఫీగా దూరిపోతుంది.

పది మీటర్ల కాలువకి లెక్క చూద్దాం: అడుగు వెడల్పు, రెండడుగుల లోతు, పైన ఆరంగుళాలు మట్టి. పైపు పోగా కంకర సుమారు 1.25 ఘనమీటర్లు, అంటే 44 ఘనపుటడుగులు. బట్ట 20 చదరపు మీటర్లు. వాటం మీటరుకి ఒక సెంటీమీటరు, అంటే పది మీటర్లకి పది సెంటీమీటర్లు. నీళ్లు నింపిన ట్యూబుతో రెండు కొసలా మట్టం చూడాలి, కంటి అంచనా పనికిరాదు. కంకర 20 ఎంఎం బ్లూ మెటల్, కడిగినది. లారీ దిగగానే దోసెడు తీసి బకెట్ నీళ్లలో వేయండి. నీళ్లు పాల టీలా మారితే ఆ లోడు కడిగించాకే కాలువలోకి. ఆ దుమ్మే తర్వాత బట్టను లోపలి నుంచి పూడ్చేస్తుంది.

మూలల్లో 90 డిగ్రీల బెండు ఒకటి బదులు 45వి రెండు, పక్కనే నేలపైకి మూతతో ఒక నిలువు పైపు. ఏటా సెప్టెంబరులో అందులోంచి హోస్‌తో కడిగేయొచ్చు. ఈ నిలువు పైపులు లేని కొటేషన్ చవగ్గా కనిపిస్తుంది, పూడిక పడ్డాక మాత్రం అంతా తవ్వాల్సిందే.

డాబా నీటి పైపును ఇందులో కలపనివ్వకండి. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 ఎంఎం వాన పడితే 5,000 లీటర్లు. రంధ్రాల పైపులోకి అదంతా వదిలితే పునాది పక్కన మీరే నీళ్లు పోస్తున్నట్టు. దానికి వేరే పైపు, వేరే ఇంకుడు గుంత. తమిళనాడులో 2003 నుంచి వాననీటి సేకరణ ఎలాగూ తప్పనిసరి.

ఇంటి కింద వేసే పనికి మేం తక్కువ మార్కులే ఇస్తాం, చేసే చేతుల వల్ల. టైల్స్, కాంక్రీటు పగలగొట్టి, గది లోపలి అంచున కాలువ తీసి, పైపు, కంకర వేసి, పైన 250 మైక్రాన్ పాలిథిన్ షీటు, మళ్లీ కాంక్రీటు. ఇంతవరకు బాగానే ఉంటుంది. పైపు బయటికి తేవడానికి ప్లింత్ బీముకే (పునాది మీద గోడలను మోసే కాంక్రీటు దూలం) కన్నం కొడితేనే ముప్పు. లోపలి కమ్మీ తెగిందంటే ఇంటికి పెద్ద దెబ్బ. పైపు బీము కిందుగానే రావాలి. ఇంటి లోపలైనా బయటైనా లోతుకి హద్దు ఒకటే: పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో గీత ఊహించుకోండి, కాలువ ఆ గీత కిందికి దిగకూడదు. ఇంకో పరీక్ష: పని అయ్యాక డ్రెయిన్ నీళ్లు ఒక మగ్గులో పట్టి గంట ఉంచండి. అడుగున ఇసుక తేరితే ఫ్లోరింగ్ కింది ఫిల్లింగ్ కొట్టుకొస్తోందన్నమాట. అలాగే వదిలేస్తే టైల్స్ కింద డొల్ల పడుతుంది.

ఇక చివరి కొస. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిన చోట వాటంతో నీరు బయటికి పోదు. కార్పొరేషన్ వాననీటి కాలువ నిండితే వెనక్కి తంతుంది కూడా. మెట్రోవాటర్ (నగర నీటి, మురుగు బోర్డు) మురుగు లైనులో కలపడం నిబంధనలకు విరుద్ధం, పైగా వానలో అదే పొంగి బాత్రూంలోకి వస్తుంది. అందుకని డ్రెయిన్ నీళ్లు పడడానికి మూడడుగుల వెడల్పు సిమెంటు ఒరలతో గుంత తప్పదు. అడుగు ఎత్తుకి దాదాపు 200 లీటర్లు పడుతుంది. అందులో ఫ్లోట్ స్విచ్ ఉన్న అర హెచ్‌పీ మురుగునీటి సబ్‌మెర్సిబుల్ పంపు, దాని డెలివరీ లైనుకి నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు. మంచినీళ్ల మోటారు పెడితే ఒండ్రుకి త్వరగా పాడైపోతుంది. తుపాను రాత్రి కరెంటు పోతుంది కాబట్టి మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే లోడును తట్టుకునే ఇన్వర్టరో జనరేటరో అదే కొటేషన్లో రాయించుకోండి. పని ఏప్రిల్, జూన్ మధ్య పెట్టుకుంటే భూగర్భ నీరు కిందికి దిగి ఉంటుంది, కాలువ గోడలు కూలవు. అక్టోబరులో మొదలుపెడదామనే కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇవ్వకండి.