ప్రాజెక్ట్ జాంబాయిడ్: చచ్చాక మొదలైన ఆట

జాంబీ గేముల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. వాటిలో చావుకు విలువ ఉండదు. డైయింగ్ లైట్‌లో రాత్రిపూట తరిమి తరిమి చంపుతారు, గుండె గొంతులోకి వస్తుంది. మరుక్షణం సురక్షితమైన స్థావరంలో లేచి నిలబడతాం. సెవెన్ డేస్ టు డైలో మంచం దగ్గర మళ్లీ పుట్టి, పడేసుకున్న సంచీ వెతికి తెచ్చుకుంటాం. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయిన కథలో మన ఒక్కరి చావుకే మినహాయింపు!

ప్రాజెక్ట్ జాంబాయిడ్ ఆ మినహాయింపు ఇవ్వదు. ఇది మీరు ఎలా చనిపోయారో చెప్పే కథ అని మొదలయ్యేటప్పుడే చెప్పేస్తుంది. పైనుంచి చూసే చిన్న చిన్న బొమ్మలు, పాతకాలపు రూపం. బొమ్మలు చూసి కొనేవారి కంటికి ఇది ఆనదు. ఎలా ఆడాలో చెప్పే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను.

చావు గురించి మాత్రం చెప్పాలి. మామూలు సెట్టింగుల్లో జాంబీ గీరితే వ్యాధి సోకే అవకాశం 7 శాతం, చర్మం చీలితే 25 శాతం, కరిస్తే నూటికి నూరు. మందు లేదు. పాత సేవ్‌కు, అంటే ముందు భద్రపరచుకున్న ఆటకు, వెనక్కి వెళ్లే దారీ లేదు. అయితే పోయేది ఆ మనిషి ఒక్కడే, లోకం అలాగే ఉంటుంది. అదే ఊళ్లో కొత్త మనిషిని సృష్టించుకుని దిగవచ్చు. పాత మనిషి జాంబీగా లేచి, మనం తొడిగిన బట్టలతోనే, మనం నింపిన సంచీతోనే ఆ వీధుల్లో తిరుగుతూ ఉంటాడు. ఇది చదివి తెలుసుకున్నప్పుడు నాకు పెద్దగా అనిపించలేదు. అనుభవంలోకి వచ్చాక మిగతా జాంబీ గేములు చప్పగా తోచాయి.

కథ జరిగేది 1993 జులైలో, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో. రివర్‌సైడ్ అనే ఊరి చివర రెండంతస్తుల ఇంట్లో నేను సృష్టించుకున్న మొదటి మనిషి, కట్టెలు కొట్టేవాడు, కాపురం పెట్టాడు. కిటికీలకు దుప్పట్లు, కింద తలుపులకు అడ్డపలకలు, డాబా మీద వాన నీటి పీపాలు, పెరట్లో క్యాబేజీ. గోడలు పగలగొట్టే పెద్ద సమ్మెట కూడా దొరికింది, అది దొరకడమే అపురూపం. షెడ్డులో జనరేటర్ ఉంది. దాన్ని ఎలా కలపాలో నేర్పే పత్రిక ఎంతో వెతికితే దొరికింది. ఆ పత్రిక చదివితే తప్ప, లేదా ఎలక్ట్రీషియన్ అయితే తప్ప, ఈ గేములో జనరేటర్ వట్టి ఇనుప ముద్ద.

ఒక మందుల దుకాణంలో వెనుక గది తలుపు తీయగానే మెడ మీద కాటు పడింది. మూసిన బాత్‌రూమ్ తలుపు వెనుక ఎప్పుడూ ఒకరు కాచుకుని ఉంటారని ఈ గేము ఆడేవాళ్లందరూ చెప్పుకునే హాస్యం. నాకు ఆ క్షణంలో నవ్వు రాలేదు.

కాటు పడ్డాక గేము లెక్కలో రెండు మూడు రోజులు మిగులుతాయి. మరో గేము అయితే అక్కడే ఆపేసి కొత్తది మొదలుపెట్టేవాణ్ని. ఇక్కడ ఆ రోజుల్లోనే ఎక్కువ పని చేశాను. కట్టెలు చీల్చి పేర్చాను. డబ్బాల తిండి అంతా ఒక అల్మారాలో సర్దాను. గేములో నోటుబుక్కు, పెన్ను ఉంటే నిజంగానే రాసి పెట్టవచ్చు. ‘పీపాలో నీళ్లు మరిగించి తాగు. జనరేటర్ ఇంట్లో పెట్టి నడపకు, పొగకు చస్తావు. క్యాబేజీకి నీళ్లు పోయి’ అని రాసి వంటగది గట్టు మీద పెట్టాను. ఆ రాత్రి జ్వరంతోనే, జనరేటర్ కోసం పెట్రోలు తేవడానికి నా మనిషి బంకుకు బయలుదేరాడు. తిరుగుదారిలో రోడ్డు మీదే పోయాడు. సమ్మెట, పత్రిక రెండూ సంచీలోనే ఉన్నాయి.

కొత్తగా దిగినవాడు అగ్నిమాపక సిబ్బందిలో ఒకడు. వడ్రంగం రాదు, పంట సంగతి తెలియదు. ఎలాగో పాత ఇల్లు చేరేసరికి ఊళ్లో కరెంటు పోయి ఉంది, ఫ్రిజ్‌లో మాంసం కుళ్లిపోయింది, క్యాబేజీ ఎండిపోయింది. గట్టు మీద నోటుబుక్కు తెరిచి చదివాను. రాసింది నేనే, అయినా మరెవరో నాకోసం రాసినట్టే ఉంది. అన్నీ చెప్పాడు మహానుభావుడు, పత్రిక మాత్రం వెంట పట్టుకుపోయాడు! అది లేకపోతే షెడ్డులోని జనరేటర్ ఎందుకూ కొరగాదు.

అందుకని అతన్ని వెతకడానికి వెళ్లాల్సి వచ్చింది. బంకు దగ్గర ఓ గుంపులో పసుపు రంగు వానకోటు కనిపించింది. మెడ దగ్గర చిరుగు, చుట్టూ ఎండిన రక్తం, వీపున నా సంచీ. ఒక్కసారి అరిచి వెనక్కి నడిచాను. గుంపు కదిలింది. మధ్యలో కంచె అడ్డం పెట్టుకుంటే ఒక్కొక్కరే దాటుతూ బోర్లా పడతారు, లేచేలోపు సుత్తితో కొట్టవచ్చు. పసుపు కోటు వంతు వచ్చినప్పుడు చేయి ఒక క్షణం ఆగింది. సంచీలో పత్రిక, సమ్మెట, సగం నిండిన పెట్రోలు డబ్బా ఉన్నాయి. కోటు కూడా విప్పి తెచ్చి, చిరుగుకు సూదీ దారంతో అతుకు వేసి తొడుక్కున్నాను.

ఆ సాయంత్రం జనరేటర్ నడిచింది. చప్పుడుకు కొందరు జాంబీలు కూడా వచ్చారు, అది వేరే కథ.

చనిపోయినవారు తిరిగిరాని గేములు ఇంకా ఉన్నాయి. 2013లో వచ్చిన స్టేట్ ఆఫ్ డికేలో కూడా పోయినవారు పోయినట్టే. కానీ అక్కడ తర్వాతివాడు అదే బృందంలోవాడు, అదే ఇంటివాడు. ఇక్కడ వచ్చేవాడు అపరిచితుడు. పాతవాడు మిగిల్చినదాన్ని మళ్లీ కష్టపడి సంపాదించుకోవాలి. తేడా అదే.

అయితే ఈ ముచ్చట ప్రతిసారీ ఇంత రుచిగా ఉండదు. తర్వాత పోయినవారిలో కొందరు ఎక్కడో పొలాల్లో పడిపోయారు, వారిని వెతకాలన్న ఆసక్తి కూడా కలగలేదు. పైగా ఆలస్యంగా దిగినవారికి నష్టమే. మొదటి రోజుల్లో టీవీ చూస్తూ వడ్రంగం నేర్చుకోవచ్చు. ఆ ప్రసారాలు ఆగిపోయాక వీడియో క్యాసెట్లు దొరకాలి, వాటికి మళ్లీ కరెంటు కావాలి. ఒకసారి నీళ్లు, కరెంటు, పంట మూడూ కుదిరితే ఇక చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. పలకరించడానికి బతికున్న మనిషి ఒక్కరూ ఉండరు. గేము తొలి రూపాల్లో అలాంటివారు ఉండేవారు, తీసేశారు. తిరిగి తెస్తామన్న మాట ఏళ్లుగా మాటగానే ఉంది. సంచీలో సరుకులు సర్దడం మరో తలనొప్పి, ఒక్కోసారి కిరాణా కొట్టులో గుమాస్తాగా చేరిన భావన కలుగుతుంది.

ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోను పెట్టుకుని, ఒంటరిగా ఆడే మనిషిని నేను. నిదానంగా సాగే ఆటంటే ఇష్టం. స్నేహితులతో కలిసి అరగంట కాల్చి పడుకుందాం అనుకునేవారికి లెఫ్ట్ ఫోర్ డెడ్ అనే జాంబీ గేము ఈనాటికీ మంచి బేరం. దీన్నే ప్రయత్నించాలనుకుంటే 2021 డిసెంబరులో వచ్చిన బిల్డ్ 41 అనే వెర్షన్‌తో మొదలుపెట్టండి. నా పాత ల్యాప్‌టాప్ మీద అది పెద్ద గుంపులు వచ్చినప్పుడు తప్ప బాగానే నడిచింది. బిల్డ్ 42 పరీక్ష దశలో 2024 డిసెంబరులో విడుదలైంది, కానీ పాత సేవ్‌లు అందులో పనిచేయవు. నా రివర్‌సైడ్ ఇల్లు పాతదాంట్లోనే ఉంది కాబట్టి నేను ఇంకా మారలేదు.