మహాగనికి రంపం ముప్పా, పురుగు ముప్పా?

మహారాష్ట్రలోని సిరొంచ వైపు గట్ల మీద టేకుకు బదులు మహాగని పెడదామనేవాళ్ల కోసం ఈ పోలిక.

దాని పుట్టింట్లో, అమెజాన్ అడవుల్లో, రంపమే యముడు. బాగా లావెక్కిన చెట్లనే కోస్తారు, విత్తనం ఎక్కువగా రాల్చేవీ అవే. దట్టమైన నీడలో నారు ఎదగదు. 2003 నుంచి సైటిస్ (ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధం కింద ఆ కలప ఎగుమతికి పర్మిట్ ఉండాల్సిందే.

మన చేలో రంపం సంగతి తర్వాత, ముందు మొవ్వు తొలిచే పురుగు. లేత చిగురు వాడి వేలాడుతుంది. చీల్చి చూస్తే లోపల గొంగళిపురుగు, పిప్పి. చెట్టు చావదు. కానీ పక్కకొమ్మలు లేచి మాను పంగలు పడుతుంది, ఇక రేటేం వస్తుంది?

జాతికి రంపమే పెద్ద గండం, రైతుకు మాత్రం పురుగే. అచ్చంగా మహాగని తోటే వేసేకన్నా వేరే చెట్ల మధ్య అక్కడక్కడా పెట్టడం నయం.